కాంక్రీటుకు జ్వరం చూస్తాం.. మరి మనిషికో?

ఆగస్టు నెల. సాయంత్రం ఐదు గంటలు. దుబాయ్‌లో మా సైటులో రాఫ్ట్ కాంక్రీటు పోస్తున్నాం. మధ్యాహ్నం ఎండ విరామం ఎప్పుడో అయిపోయింది. పొద్దు వాలింది, ఇక భయం లేదనుకున్నాం. కానీ సముద్రం వైపు నుంచి తేమ కమ్ముకొచ్చింది. చొక్కా పిండితే నీళ్లు కారుతున్నాయి. వైబ్రేటర్ పట్టుకున్న నిర్మల్ తమ్ముడికి ఉన్నట్టుండి మాట తడబడింది. "ఏందిరా, ఏమైంది?" అంటే సంబంధం లేని జవాబు చెప్పాడు. రెండడుగులు వేసి స్టీలు మీదనే కూలబడ్డాడు.

నలుగురం పట్టుకుని నీడకు చేర్చాం. బూట్లు, కవరాల్ విప్పేసి ఐస్ బాక్సులో ఉన్న నీళ్లన్నీ ఒంటి మీద గుమ్మరించాం. అట్టముక్కలతో విసిరాం. అంబులెన్సు వచ్చింది. దేవుడి దయ, బతికాడు. మూడో రోజు ఆస్పత్రికి చూడబోతే మంచం మీద పడుకునే ఒక మాట అడిగాడు.

"అన్నా, కాంక్రీటుకు గంట గంటకు జ్వరం చూస్తరు గదా. మాకెవరు చూస్తరు?"

మా దగ్గర జవాబు లేదు. ఆ జవాబు కోసం మా రూములో నలుగురం కొన్ని నెలలు వెతికాం. చదివాం, అడిగాం, చేతనైనంత చేసి చూశాం. తెలుసుకున్నది గల్ఫ్‌లో మనలాగే ఎండలో పనిచేసే సోదరులతో పంచుకుందామనే ఇది రాస్తున్నాం.

కాంక్రీటుకున్న భోగం

మేం ఇద్దరం సివిల్ డిప్లొమా చేసి వచ్చిన సూపర్‌వైజర్లం. కాంక్రీటు వేడి సంగతి మాకు రోజువారీ పని. సిమెంటు నీళ్లతో కలిస్తే వేడి పుడుతుంది. మందపాటి రాఫ్టులో ఆ వేడి తొందరగా బయటికి పోదు. లోపల 70 డిగ్రీలు దాటకూడదనీ, మధ్యకూ పైభాగానికీ తేడా 20 డిగ్రీలు మించకూడదనీ స్పెసిఫికేషన్‌లో రాసి ఉంటుంది. మించితే పగుళ్లొస్తాయి. అందుకే పోయడానికి ముందే స్టీలుకు థర్మోకపుల్ తీగలు కట్టి లోపల వదిలేస్తాం. రాత్రీ పగలూ గంటకోసారి రీడింగు రాస్తాం. మిక్సర్ లారీ గేటులోకి రాగానే ముందు థర్మామీటరు గుచ్చుతాం. మా సైటులో 32 డిగ్రీలు దాటితే లారీ వెనక్కే. అందుకోసం ప్లాంటులో నీళ్లకు బదులు ఐసు కలుపుతారు.

అంత మర్యాద కాంక్రీటుకు. దాన్ని పోసే మనిషికి ఏముంది? నీళ్ల డ్రమ్ము, నీడ కోసం ఒక షెడ్డు, గోడకు ఒక పోస్టరు. నిర్మల్ తమ్ముడి ఒళ్లు ఎంత కాగుతున్నదో వాడు పడిపోయేదాకా మాకు తెలియలేదు.

కాంక్రీటుకు కట్టినట్టు మనిషికి తీగ కట్టలేం. తీగ పట్టుకుని స్కాఫోల్డింగ్ ఎక్కేదెలా? కరోనా రోజుల్లో, 2020లో, గేటు దగ్గర నుదుటికి గురిపెట్టిన గన్ను గుర్తుందా? ఎండలోంచి వచ్చినవాడి నుదురు కాలుతుంటుంది, చెమట పట్టినవాడి నుదురు చల్లగా ఉంటుంది. ఆ గన్ను మాటను సైటులో నమ్మలేం. కావలసింది ఒంటికి అంటుకుని ఉండేది, బరువు లేనిది, వంగేది, చౌకైనది. అటువంటిదాన్ని సిరాతో అచ్చు వేయవచ్చని మాకు చెప్పింది మా రూములో మూడో మనిషి. ఆయన ఎలక్ట్రానిక్స్ డిప్లొమా, ఇక్కడ ఎలక్ట్రికల్ పనుల్లో ఉన్నాడు.

కరెంటు పారే సిరా

"ఫ్లెక్సిబుల్ సెన్సర్" అని ఆయన అనగానే అందరం నవ్వాం. ఫ్లెక్సీ అంటే మనకు చౌరస్తాలో నాయకుల బ్యానరే గదా! ఆయన నవ్వకుండా చేతిలోని ఏసీ రిమోటు చూపించాడు. వాషింగ్ మెషీన్ మీద మెత్తగా నొక్కే బటన్లుంటాయి. చాలావాటి లోపల పలచటి పాలిస్టర్ షీటు మీద వెండి సిరాతో అచ్చు వేసిన గీతలే ఉంటాయి. కారు వెనకద్దం మీద మంచు కరిగించే సన్నటి గీతలూ వెండి పేస్టుతో అచ్చు వేసినవే. షుగర్ పరీక్ష చేసుకునే చిన్న స్ట్రిప్పుల్లో చాలావాటికి నల్లటి గీతలుంటాయి. అది కార్బన్ సిరా. అంటే ఈ అచ్చు మన ఇళ్లల్లోకి ఎప్పుడో వచ్చేసింది. మనమే గుర్తుపట్టలేదు.

ఆ సిరా ఏమిటంటే, వెండి పొడి, దాన్ని పట్టి ఉంచే జిగురు, పలచబరిచే ద్రావకం. ఆరాక ద్రావకం ఎగిరిపోతుంది, వెండి రేణువులు ఒకదానికొకటి ఆనుకుని కరెంటుకు దారి ఇస్తాయి. మామూలు వెండి కరగాలంటే 962 డిగ్రీలు కావాలి. అదే వెండిని కంటికి కనిపించనంత సన్నటి నానో రేణువులుగా చేస్తే 150 డిగ్రీల దగ్గరే అతుక్కుంటాయి. అందుకే ప్లాస్టిక్ మీద కూడా అచ్చు వేయగలుగుతున్నారు.

పెళ్లి కార్డు లెక్కనే!

ఇక్కడ మా నాలుగో మనిషి లేచి కూర్చున్నాడు. కోరుట్ల తమ్ముడు. ఇక్కడ స్టీల్ ఫిక్సర్. ఊళ్లో ఉన్నప్పుడు స్క్రీన్ ప్రింటింగ్ షాపులో పెళ్లి కార్డులు అచ్చు వేసేవాడు. ఎలక్ట్రానిక్స్ ఆయన చెబుతుంటే తలూపుతూ, "గిది నా పనే గదన్నా" అన్నాడు.

నిజమే. పద్ధతి అదే. చట్రానికి సన్నటి జాలీ గుడ్డ బిగిస్తారు. అచ్చు పడకూడని చోట మందుతో రంధ్రాలు మూస్తారు. కింద పాలిస్టర్ షీటు పెట్టి, పైన సిరా పోసి, రబ్బరు స్క్వీజీతో ఒక్క లాగుడు లాగుతారు. తెరిచి ఉన్న చోట సిరా కిందికి దిగుతుంది. ముందు వెండి సిరాతో కరెంటు దారులు వేస్తారు. సుమారు 120, 130 డిగ్రీల ఓవెన్‌లో కొన్ని నిమిషాలు ఆరబెడతారు. తర్వాత రెండో అచ్చు. వేడిని పసిగట్టే సిరా ఇదే. కార్బన్ కావచ్చు, కరెంటు పారే ప్లాస్టిక్ కావచ్చు. చివరికి చెమట తగలకుండా పైన ఒక కప్పు పొర. రంగు మీద రంగు ఎలా సరిగ్గా కూర్చుంటుందో, ఇక్కడ పొర మీద పొర అలా కూర్చోవాలి. "పసుపు మీద కుంకుమ రంగు జరిగితే కార్డు వేస్టు, గిదీ అంతే" అని తేల్చేశాడు కోరుట్ల తమ్ముడు.

ప్లాస్టిక్‌లో కరెంటు పారడమేమిటని మాకు అనుమానం. పారుతుందని చూపించినందుకే హీగర్, మెక్‌డయార్మిడ్, షిరకావా అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు 2000లో కెమిస్ట్రీ నోబెల్ ఇచ్చారు. ఆ కుటుంబానికి చెందిన పెడాట్-పీఎస్ఎస్ అనే నీలి ద్రవాన్ని ఇప్పుడు సిరాగా అమ్ముతున్నారు. మన దేశంలోనూ ఐఐటీ కాన్పూర్‌లో ఫ్లెక్సిబుల్ ఎలక్ట్రానిక్స్ కోసం ఒక జాతీయ కేంద్రమే ఉంది.

గీత జ్వరాన్ని ఎలా కనిపెడుతుంది?

అసలు కిటుకు రెసిస్టెన్స్‌లో ఉంది. వేడి మారితే గీతలో కరెంటుకు పడే అడ్డు మారుతుంది. ఆ మార్పు కొలిస్తే వేడి తెలుస్తుంది. ఇది మూడు రకాలుగా జరుగుతుంది.

ఒకటి, లోహం. వేడెక్కితే అడ్డు పెరుగుతుంది. సైటులో ఏసీ వాళ్లు వాడే పీటీ-100 అనే ప్లాటినం సెన్సర్ ఇదే. సున్నా డిగ్రీల దగ్గర 100 ఓములు, 100 డిగ్రీల దగ్గర 138.5 ఓములు. అంటే డిగ్రీకి ఓములో మూడో వంతు కంటే కొంచెం ఎక్కువ. మార్పు చిన్నదే గానీ నమ్మకస్తురాలు.

రెండు, వేడెక్కితే అడ్డు తగ్గేవి. 1833లోనే మైకేల్ ఫారడే వెండి సల్ఫైడ్‌లో ఈ గుణం గమనించాడు. ఇప్పటి థర్మిస్టర్లన్నింటికీ అదే ముత్తాత.

మూడు, ప్లాస్టిక్‌లో కలిపిన కార్బన్. వేడికి ప్లాస్టిక్ ఉబ్బుతుంది. ఆనుకుని ఉన్న కార్బన్ రేణువులు దూరం జరుగుతాయి. దారి తెగి అడ్డు అమాంతం పెరుగుతుంది. 2015లో టోక్యో యూనివర్సిటీ వాళ్లు ఈ దారిలోనే గ్రాఫైట్ కలిపిన పాలిమర్ సిరాతో పలచటి సెన్సర్ చేశారు. అది మనిషి ఒంటి వేడి దగ్గర డిగ్రీలో యాభయ్యో వంతు తేడాను కూడా పట్టుకుంది. కాగితం లాగా వంగినా పనిచేసింది.

మా రూములో ప్రయోగం

వినడం వేరు, చేసి చూడడం వేరు. ఒక సెలవు రోజున దిగాం. ఆన్‌లైన్‌లో దొరికే కార్బన్ పెయింటు చిన్న ట్యూబు తెప్పించాం. పారదర్శక ప్లాస్టిక్ షీటు మీద మాస్కింగ్ టేపుతో మెలికల దారి కట్టాం. కోరుట్ల తమ్ముడు పాత ఏటీఎం కార్డును స్క్వీజీలా పట్టుకుని ఒక్క లాగుడు లాగాడు. పదేళ్లయినా చెయ్యి మరచిపోలేదు. మేడ మీద ఎండలో ఆరబెట్టాం. ఈ ఎండ మాకు పనికొచ్చింది అదొక్కసారే!

మల్టీమీటర్ క్లిప్పులు తగిలించి చల్లటి నీళ్ల బాటిల్ మీద పెట్టాం. అంకెలు కదిలాయి. వేడి చాయ్ గ్లాసుకు తాకించాం. అంకెలు రెండో వైపుకు కదిలాయి. రూమంతా ఒకటే కేక. పక్క రూము కేరళ వాళ్లు ఏమైందోనని వచ్చి చూశారు.

ఆ సంతోషం పావుగంటే. షీటును కొద్దిగా వంచాం. వేడి మారకపోయినా అంకెలు మారాయి. చెమట చేత్తో ముట్టుకున్నాం. మళ్లీ మారాయి. అంటే మా గీతకు జ్వరమేదో, వంపేదో, తడేదో తెలియదు. పనిలో మనిషి వంగకుండా ఉంటాడా? చెమట పట్టకుండా ఉంటాడా?

ఈ కష్టం మా ఒక్కరిదే కాదు, పెద్ద పెద్ద ల్యాబుల్లోనూ ఇదే ప్రధాన సమస్య. తడికి కప్పు పొర వేస్తారు. వంపుకు వాళ్లు వాడే ఉపాయం చదివి మేం ఆశ్చర్యపోయాం. అది మన పాలిటెక్నిక్ పాఠమే. బీము వంగినప్పుడు ఒక ముఖం నలుగుతుంది, ఇంకో ముఖం సాగుతుంది. మధ్యలో న్యూట్రల్ యాక్సిస్ దగ్గర రెండూ ఉండవు. అందుకే గీతను సమానమైన రెండు షీట్ల మధ్య, సరిగ్గా ఆ యాక్సిస్ మీద ఉండేట్టు ఇరికిస్తారు. షీటు వంగినా గీత దాదాపు సాగదు. బీముకు నేర్చుకున్న లెక్క మనిషి ఒంటి మీదికి వచ్చింది.

మూడు డిగ్రీల బతుకు

ఇంకో పెద్ద చిక్కు ఉంది. మనిషి లోపలి వేడి మామూలుగా 37 డిగ్రీలు. 40 దాటి మెదడు తికమకపడితే వడదెబ్బ, ప్రాణాంతకం. మధ్యలో ఉన్నది మూడే డిగ్రీలు. కాంక్రీటు రీడింగు ఒక డిగ్రీ అటూ ఇటూ అయితే కొంపలు మునగవు. మనిషికి ఒక డిగ్రీ తప్పు చూపిస్తే, మూడో వంతు బతుకు లెక్క తప్పినట్టే. జ్వరం చూసే మామూలు డిజిటల్ థర్మామీటరే డిగ్రీలో పదో వంతు తేడా చెబుతుంది. అచ్చు వేసిన ప్రతి సెన్సర్నూ తెలిసిన వేడి ఉన్న నీళ్లలో ముంచి, లెక్క సరిచూసి పంపితేనే అది మన దగ్గర పనికొస్తుంది.

పైగా పట్టీ కొలిచేది చర్మం వేడిని. చర్మం సాధారణంగా 33 నుంచి 35 డిగ్రీల మధ్య ఉంటుంది. చెమట ఆరుతుంటే ఇంకా తగ్గుతుంది. లోపల కుండ ఉడుకుతున్నా మూత చల్లగా ఉండొచ్చన్న మాట. దీనికి ఒక ఉపాయం రెండు సెన్సర్లు. మధ్యలో వేడిని ఆపే పొర పెట్టి, కిందొకటి, పైనొకటి. రెండింటి తేడాను బట్టి ఒంట్లోంచి ఎంత వేడి బయటికి వస్తోందో తెలుస్తుంది. దాన్నుంచి లోపలి వేడిని అంచనా కడతారు. గుండె ఎంత వేగంగా కొట్టుకుంటోందో కూడా కలిపి చూస్తే అంచనా ఇంకా మెరుగు. అయినా అది అంచనాయే. పట్టీ మోగలేదు కాబట్టి మనిషి బాగున్నాడని ఏ ఫోర్‌మనూ అనుకోకూడదు.

మోగితే ఎవరు ఆపాలి?

మా రూములో అసలు గొడవ దీని మీదే జరిగింది. "ఇది వస్తే ఎవరి ఒళ్లు తట్టుకోలేకపోతోందో కంపెనీకి తెలిసిపోతుంది. కాంట్రాక్టు రెన్యువల్ చెయ్యరు" అన్నాడు మాలో ఒకడు. కొట్టిపారేసే మాట కాదిది. ఏజెంటుకు కట్టిన అప్పు తీరకముందే ఇంటికి పంపిస్తారనే భయంతోనే తల తిరుగుతున్నా చెప్పనివాళ్లు మనలో ఎంతమంది లేరు? పట్టీ మోగితే మనిషిని నీడకు పంపాలి, ఎయిర్‌పోర్టుకు కాదు. ఆ రీడింగు ఎవరు చూస్తారు, ఎన్నాళ్లు దాస్తారు, దేనికి వాడతారు అన్నది ముందే కాగితం మీద రాసి, మనకు అర్థమయ్యే భాషలో చెప్పాలి. అది లేకుండా పట్టీ అంటిస్తామంటే అడగడం మన హక్కు.

చట్టాలు కొంత ముందుకొచ్చాయి. యూఏఈలో మధ్యాహ్న విరామం 2005లో మొదలైంది. ఇప్పుడు జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా, మధ్యాహ్నం 12.30 నుంచి 3 గంటల వరకు ఎండలో పని చేయించకూడదు. ఖతర్‌లో 2021 నిబంధన ప్రకారం జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా, ఉదయం 10 నుంచి 3.30 వరకు బయటి పని బంద్. అంతేకాదు, డబ్ల్యూబీజీటీ అనే కొలత 32.1 దాటితే ఏ వేళైనా పని ఆపాలి. ఆ కొలతలో తడిగుడ్డ థర్మామీటరుకు 70 శాతం, ఎండ తగిలే నల్ల గోళానికి 20 శాతం, మామూలు గాలి వేడికి 10 శాతమే విలువ. అంటే తేమే పెద్ద శత్రువు. నిర్మల్ తమ్ముడు పడిపోయింది విరామ సమయంలో కాదు, సాయంత్రం ఐదింటికి. గడియారం చూసి ఆపితే చాలదు, గాలినీ చూడాలి, మనిషినీ చూడాలి.

పట్టీ వచ్చేదాకా

ఎప్పుడో వచ్చే పట్టీ కోసం కూర్చుంటే ఈ ఎండాకాలం ఆగదు. ఇప్పుడే చేయగలిగినవి ఉన్నాయి.

కొత్తగా వచ్చినవాడికి మొదటి రోజు ఎండలో 20 శాతం పనే ఇవ్వాలి. రోజుకో 20 శాతం పెంచుతూ అయిదో రోజుకు పూర్తి పని. సెలవు నుంచి తిరిగొచ్చిన పాతవాడికి 50, 60, 80, 100 శాతం. ఇది అమెరికా వృత్తి ఆరోగ్య సంస్థ నియోష్ చెప్పిన లెక్క. ఊరి నుంచి వచ్చిన మర్నాడే "పాతోడే గదా" అని పూర్తి పనికి పంపడం మేమూ చేసిన తప్పే.

మాట తడబడినా, నడక తూలినా, చిరాకుగా పొంతన లేకుండా మాట్లాడినా వడదెబ్బే అనుకోండి. చెమట పడుతోంది గదా అని మోసపోవద్దు. కష్టం పని చేసేవాడికి చెమట పడుతూనే వడదెబ్బ తగులుతుంది. ముందు చల్లబరచండి, తర్వాతే తరలింపు. నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, చల్లటి నీళ్లు పోసి, ఐసు పెట్టి, గాలి విసరండి. ఈలోగా ఒకరు అంబులెన్సుకు ఫోన్ చేయాలి. యూఏఈలో 998. స్పృహ సరిగా లేనివాడి నోట్లో నీళ్లు పోయకండి.

నిర్మల్ తమ్ముడు ఇంటికెళ్లి మూడు నెలలుండి మళ్లీ వచ్చాడు. ఈసారి మొదటి రోజు సగం పనే ఇచ్చాం. "ఏందన్నా, అల్లుడి లెక్క చూస్తున్నరు" అని నవ్వాడు.

ఇప్పుడు మా సైటు క్యాబిన్‌లో కాంక్రీటు రీడింగుల రిజిస్టరు పక్కన ఇంకో రిజిస్టరు పెట్టాం. ఎండ నెలల్లో గంటకోసారి ఒక ఫోర్‌మన్ తిరుగుతాడు. ప్రతి మనిషినీ పేరు పెట్టి పిలుస్తాడు. జవాబు సరిగా వచ్చిందా, నీళ్లు తాగాడా, అడుగు నిలకడగా ఉందా అని చూసి టిక్కు పెడతాడు. అందులో సెన్సర్ లేదు, సిరా మాత్రం ఉంది. రెండు రూపాయల బాల్‌పెన్ను సిరా. వెండి సిరా వచ్చిన రోజున దాన్నీ పక్కన పెట్టుకుంటాం.